ఊడ్చిన వాకిలి

ఆర్నెట్టా వాకిట్లో నడుమెత్తు గడ్డిలో తెల్లవారుజామున ఎవడో నిలబడి ఉంటున్నాడని ఎదురింటి హోలిస్ చేపల కొట్టు దగ్గర అన్నాడట. చేపల కొట్టు ఆవిడ ఆ మాటని తీసుకుపోయి జుట్లు దువ్వే షాపులో పెట్టిందట. అక్కణ్ణించి అది వెర్నీస్ చెవిన పడేసరికి ఆ ఒక్కడూ ఇద్దరయ్యారు. వాళ్ళలో ఒకడి చేతిలోకి సంచీ కూడా వచ్చి చేరింది.

"సంచీ సంగతి నాకు తెలీదుగానీ మనిషి మాత్రం నిజమే," అంది వెర్నీస్, వంటింటి కుర్చీలో కూలబడుతూ. "రెండుసార్లు చూశాట్ట. పీకాన్ చెట్టు కింద, రోడ్డు వైపు తిరిగి, బొమ్మలా నిలబడతాట్ట. ఈసారి కనపడితే తుపాకీతోనే పలకరిస్తానంటున్నాడు హోలిస్. నూనె పెట్టి తుడుచుకుని కూర్చున్నాడు."

వెర్నీస్ ఆర్నెట్టాకి ఆడపడుచు. తమ్ముడు పోయి తొమ్మిదేళ్ళయినా గురువారం గురువారం వచ్చి మరదలి చేతి కాఫీ తాగడం మానలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఆర్నెట్టా కంటే నాలుగేళ్ళు పెద్ద.

ఆర్నెట్టా కిటికీ దగ్గర కూర్చుని రాత్రి వేసుకునే గౌను అంచుకి పట్టిన అంటుగింజలు ఒక్కొక్కటే పీకుతోంది. బట్టల తాడు మీద ఆరేసినప్పుడు గాలికి వచ్చి అంటుకుంటున్నాయని ఆమె అనుకోవడం.

"రోడ్డు వైపు తిరిగి ఎందుకు నిలబడతాడు వదినా? దొంగైతే ఇంటి వైపు కదా చూడాలి."

"నన్నడుగుతావేం? కనబడితే వాణ్ణే అడుగు."

ఆర్నెట్టా నవ్వబోయింది, నవ్వు రాలేదు. రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగినప్పటి నుంచీ ఆమె ముందు వాకిలి వాడటం లేదు. వెనక తలుపు తీసి, వెనక మెట్లు రెండూ దిగి, అటునుంచి అటే చర్చికో కొట్టుకో పోతోంది. ముందు వైపు ఏం మొలిచిందో, ఎంత ఎత్తు పెరిగిందో పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ పచ్చదనమంతా ఒక్కసారి ఎవడో కప్పుకున్న దుప్పటిలా అనిపించింది.

వెర్నీస్ వెళ్ళాక కొడుక్కి ఫోను చేసింది. మనిషి సంగతి ఎత్తలేదు. "గడ్డి పెరిగిందిరా. పాములొస్తున్నాయి. వచ్చి కొట్టిపెడతావా?" అంది. చెప్పకపోవడానికి కారణం ఉంది. వేసవిలో ఓసారి పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోతే వంటింటి గోడ నల్లబడింది. ఆ రోజు కార్డెల్ కేకలు వెయ్యలేదు. మెల్లగానే అన్నాడు: "ఇంకొక్కటి జరిగిందంటే నువ్వు మా ఊరు మేకన్ వచ్చెయ్యాలమ్మా. అక్కడ చూసుకునేవాళ్ళుంటారు." చూసుకునే చోటు ఎలా ఉంటుందో ఆర్నెట్టాకి తెలుసు. పినతల్లి కూతురు లియోలాని అక్కడే పెట్టారు. చూడబోతే లియోలా చెయ్యి పట్టుకుని, "ఈ కిటికీ తెరవమని చెప్పవే," అని గంటసేపు బతిమాలింది. ఆ కిటికీకి అసలు తెరిచే పిడే లేదు.

ఆ సాయంత్రం పొయ్యి మూడుసార్లు చూసుకుంది. తలుపు గడియలు నాలుగుసార్లు చూసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి కార్డెల్ ట్రక్కు వచ్చి రోడ్డు పక్కన ఆగింది. వెనక గడ్డి కోసే యంత్రం, పారలు, కత్తులు, చాపల్లా చుట్టిన పచ్చగడ్డి చుట్టలు ఒక ముప్పై. పక్క సీట్లోంచి అతని కూతురు కెజాయా దిగింది. ఇరవై ఆరేళ్ళది, ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచే ఉద్యోగం. ఎండకి జంకే పిల్ల కాదు.

కార్డెల్ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "అమ్మా, ఇది వాకిలా, అడవా? నాన్న పోగొట్టుకున్న పడవ కూడా ఇందులోనే ఉండుంటుంది."

"పడవ అమ్మి నీకు బూట్లు కొన్నాడురా. వెతక్కు."

కెజాయా పకపకా నవ్వింది. అప్పటికే వచ్చి నీడలో మడత కుర్చీ వేయించుకున్న వెర్నీస్ కూడా నవ్వింది. కార్డెల్ నవ్వుతూనే, "పొయ్యి కట్టేశావా?" అన్నాడు. ఏదో మాటల్లో మాటలా అన్నాడుగానీ ఆర్నెట్టాకి ముల్లు గుచ్చుకున్నట్టయింది.

"కట్టేశాను. నా పేరు కూడా గుర్తుంది నాకు. చెప్పనా?"

గొడవ గడ్డి చుట్టల దగ్గర వచ్చింది. ఉన్నది కొట్టేసి ఇవి పరిస్తే రెండు వారాల్లో పచ్చటి తివాచీ అవుతుందని కార్డెల్, తనకొద్దని ఆర్నెట్టా.

"నాకు మట్టి కనపడాలి. మా అమ్మ వాకిలిలా చెయ్యి. మొదలంటా చెక్కెయ్యి, ఊడ్చుకుంటాను."

"బోడి నేలా? ఆ కాలం పోయిందమ్మా. చూసినవాళ్ళు వీళ్ళకి గడ్డికి కూడా గతిలేదంటారు."

"మా అమ్మ వాకిట్లో ఒక్క గడ్డిపోచ మొలిస్తే చుట్టుపక్కలవాళ్ళు, ఆవిడకి ఒంట్లో బాగాలేదా అని అడిగి పోయేవాళ్ళు. నేల ఊడ్చి ఉంటే పాము దాక్కోదు, మనిషి దాక్కోడు. రాత్రి ఏది తిరిగిందో, ఎవరొచ్చారో పొద్దున్నే రాసిపెట్టి ఉంటుంది. గడ్డి మీద ఏం రాసుంటుంది, నా తలకాయ?"

కార్డెల్ మేనత్త వైపు చూశాడు. "అయితే ఆ మనిషి సంగతి నిజమేనన్నమాట."

"వదినా!" అంది ఆర్నెట్టా.

"నేనేం చెప్పలేదు. వాడు ఫోన్లో అడిగాడు, నేను దాచలేదు," అంది వెర్నీస్, చేతిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయ ఒలుచుకుంటూ.

కెజాయా అప్పటికే చేతి తొడుగులు వేసుకుంది. "నానమ్మ ఇల్లు, నానమ్మ వాకిలి. గడ్డి మనింటికి పట్టుకుపోదాం పద నాన్నా."

యంత్రం పది అడుగులు పోయి ఆగిపోయింది. చక్రాలకి తీగలు చుట్టుకున్నాయి. ఇక కత్తులే దిక్కయ్యాయి. కార్డెల్ నరుకుతూ ముందు నడిచాడు, కెజాయా వెనకాల పోగులు వేసి ట్రక్కులోకి ఎత్తింది. పైపైన కోసింది పోగా కింద అసలుది బయటపడింది. గరిక. ఒకదాన్ని పట్టుకు లాగితే మూడు గజాల అవతల ఇంకోటి కదులుతుంది. పార వాటంగా పడుకోబెట్టి, బెత్తెడు లోతున తోసుకుంటూ పోతే తప్ప వేరు రాదు. ఆర్నెట్టా మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండలేక పార అందుకుంది. ఆమె నడకలో కుడి పాదం బయటికి తిరిగి మడమ ఈడుస్తుంది. చేతులు మాత్రం పాతవే. కార్డెల్ నాలుగుసార్లు పొడిచిన చోట ఆమె ఒక్క తోపులో చాపలా లేపింది.

"చూశావా, చూసి నేర్చుకో," అంది వెర్నీస్ కుర్చీలోంచి. "మేకన్ పట్నం మరిగిన నడుం అది, వంగదు."

నాలుగింటికి కెజాయా గడ్డిలో పడున్న పాత చెక్క పలకొకటి ఎత్తింది. ఎత్తినది అలాగే పట్టుకుని కొయ్యబారింది. కింద ఎండుటాకుల రంగులో ఒక చుట్ట. ఆ చుట్టలోంచి రాగిరంగు తల లేచింది.

"కదలకు," అంది వెర్నీస్. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

కార్డెల్ కత్తి కోసం చూస్తున్నాడు. అది ట్రక్కు దగ్గర ఉంది. ఆర్నెట్టా కుడికాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసింది. పార ఎత్తింది, దించింది. ఒక్క దెబ్బ. తల ఓ పక్కకి పోయింది, ఒళ్ళు చాలాసేపు మెలికలు తిరుగుతూనే ఉంది. కెజాయా పలక వదిలేసి రోడ్డు దాకా పరిగెత్తి అక్కడ ఏడ్చింది.

కేకలకి హోలిస్ రోడ్డు దాటి వచ్చాడు, చేతిలో తుపాకీతోనే. అరవై దాటినా నిటారుగా ఉంటాడు. పెళ్ళాం పోయాక అతనికి వేరే పని లేదు. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తుంది, వరండాలో కూర్చుని రోడ్డుని కాపలా కాస్తాడు.

"నన్ను పిలిస్తే సరిపోయేది కదా ఆర్నెట్టా అక్కా."

"నువ్వొచ్చేసరికి అది ముసలిదై చచ్చేది."

అతను నవ్వలేదు. పామును బూటుతో తిరగేసి, కార్డెల్‌ని పక్కకి పిలిచాడు. పక్కకి పిలిచాడుగానీ గొంతు తగ్గించడం అతనికి చేతకాదు. "మొన్న చూశాను. నాలుగున్నర అయుంటుంది. అదుగో, ఆ చెట్టు కింద. చేతులిలా కట్టుకుని పావుగంట నిలబడ్డాడు. ఎవరో వస్తారని చూస్తున్నట్టు. అరుద్దామనుకునే లోపల గడ్డిలోకి మాయం."

"మొహం?"

"చీకట్లో మొహమేం కనపడుద్ది? ఈసారి అరవను. ముందు పేలుస్తా, తర్వాత అడుగుతా."

ఆర్నెట్టా పార కడుగుతోంది. ఆ మాట వినగానే నీళ్ళు కట్టేసింది. కొడుకు చూడకుండా చెట్టు వైపు ఒకసారి చూసి, తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

శనివారం రోజంతా చెక్కారు. తుంగ గడ్డలు ఏరారు. ఇంటి గోడ వారన పూలమొక్కలకి ఒక వరస వదిలి, దానికి అంచుగా పాత సీసాలు బోర్లించి పాతారు. గుంటల్లో మట్టి పోసి కార్డెల్ పలకతో కొట్టి చదును చేశాడు. మధ్యాహ్నం కెజాయా వాగు ఒడ్డుకి పోయి ఆర్నెట్టా చెప్పిన పొద కొమ్మలు నరుక్కొచ్చింది. ఆకులు దూసి, కొసలన్నీ ఒక వైపు తిప్పి, ఆర్నెట్టా వాటిని కట్టగా బిగించింది. ముప్పై ఒక్క ఏళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టిన వేళ్ళు అవి. ముడి వేస్తే పళ్ళతో లాగినా ఊడదు.

"ఇది చీపురా? కొరడాలా ఉంది," అన్నాడు కార్డెల్.

"రెండూ చేస్తుంది. నీ వీపుకి తెలీదేమో, మీ నాన్న అడ్డం పడేవాడు."

పొద్దు వాలుతుండగా ఆమె రోడ్డు దగ్గర మొదలుపెట్టింది. ఊడ్చేటప్పుడు వెనక్కే నడవాలి. కొమ్మ కొసలు మట్టి మీద సన్నటి గీతలు గీస్తాయి, అర్ధచంద్రాల్లా, ఒకదాని మీద ఒకటి. కుడి నుంచి ఎడమకి ఒక విసురు, ఎడమ నుంచి కుడికి ఒక విసురు. తన అడుగు తనే తుడుచుకుంటూ రావాలి. చివరి విసురు మెట్టు మీద నిలబడి విసరాలి. కుడికాలు మొరాయించినా ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పీకాన్ చెట్టు మొదలు చుట్టూ తిరిగి, దారి మధ్యగా వెనక్కి వచ్చి, మెట్టెక్కి ఆగేసరికి రొప్పుతోంది. ఎర్రమట్టి వాకిలి మొత్తం కొత్తగా నేసిన బట్టలా ఉంది.

ఎవరూ తొక్కలేదు. అందరూ వెనక వైపు నుంచే ఇంట్లోకి వచ్చారు. వేయించిన చేపలూ మొక్కజొన్న రొట్టెలూ తిన్నారు. కార్డెల్ ముందు తలుపుకి పై గడియా కింది గడియా వేసి, రెండూ లాగి చూపించాడు. "ఇక వాడు చీమైనా కనపడి తీరాలి. హాయిగా పడుకో అమ్మా. నువ్వు బాగానే ఉన్నావు. నేనే ఏదేదో ఊహించుకున్నాను. ఆ పాముని కొట్టడం చూశాక..." అని ఆగి, తల గోక్కున్నాడు. "మేకన్ మాట ఇక ఎత్తనులే."

గిన్నె మాడిన నాటి నుంచీ ఆ మాట కోసం ఎదురుచూసింది ఆర్నెట్టా. విన్నాక పక్కగదిలో కొడుకు గురక కూడా పాటలా ఉంది. పడుకోగానే నిద్ర పట్టింది.

ఆదివారం ఆరింటికి లేచి, ముందుగదిలోకి వచ్చి, బల్లిలా గోడకి అతుక్కుపోయింది. ముందు తలుపు గడియలు రెండూ తీసి ఉన్నాయి. తలుపు మూసే ఉంది, గడియలు మాత్రం తీసి ఉన్నాయి. బయటివాడు లోపలి గడియ తియ్యలేడు. అంటే వాడు లోపలే ఉన్నాడు. మంచం కింద, బట్టల అలమరాలో, తన గది తలుపు వెనక. కార్డెల్‌ని పిలిస్తే ఆ దాక్కున్నవాడికి వినపడుతుందని ఆగింది. గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది.

వాకిట్లో అడుగులున్నాయి.

ఒక వరస రోడ్డు వైపు పోయింది, ఒక వరస తిరిగి వచ్చింది. చెప్పుల్లేని పాదాలు. చిన్నవి. రోడ్డు నుంచి లోపలికి వచ్చినవి కావు. మెట్టు దగ్గరే మొదలయ్యాయి. తల్లి చిన్నప్పుడు నేర్పిన పద్ధతిలోనే, తనకు తెలియకుండానే ఆమె చదవడం మొదలుపెట్టింది. ఎడమ పాదం సరిగ్గా పడింది. కుడిది బయటికి తిరిగి ఉంది. దాని వెనక ప్రతి అడుక్కీ ఒక గీత, మడమ ఈడ్చిన గీత.

ఆర్నెట్టా తన కాళ్ళ వైపు చూసుకుంది. గోళ్ళ సందున ఎర్రమట్టి.

దొంగ లోపల ఉన్నాడన్న భయం ఇందాకటిది. ఇప్పుడు వచ్చినదానికి గడియ పెట్టే తలుపు లేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి చీపురు అందుకుంది. మెట్టు దిగి, గబగబా, గీతలు సరిగ్గా పడుతున్నాయా లేదా చూడకుండా ఊడ్చింది. కొడుకు లేవకముందే. ఇంకా ఇరవై అడుగులు, ఇంకా పదిహేను.

"చర్చికి తయారవకుండా ఇదేం పనే?"

రోడ్డు అంచున వెర్నీస్, నీలం టోపీ పెట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని. పలకరింపు నోట్లో ఉండగానే ఆమె కళ్ళు నేల మీదికి పోయాయి. ఆమె కూడా ఊడ్చిన వాకిట్లోనే పుట్టి పెరిగిన మనిషి. పీకాన్ చెట్టు మొదటికి నడిచి, అక్కడ వంగి చూసింది. అక్కడ అడుగులు నడవలేదు. రెండు పాదాలూ పక్కపక్కన, లోతుగా దిగి ఉన్నాయి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, చాలాసేపు.

ఆ రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకి ఫ్యాక్టరీ వ్యాను ఆగేది అక్కడే. ముందు సీట్లో వెర్నీస్ కూర్చుని వచ్చేది. ఆర్నెట్టా చేతులు కట్టుకుని ఆ చెట్టు కిందే నిలబడి ఉండేది.

వెర్నీస్ నడుం ఎత్తడానికి కాస్త టైం పట్టింది. "ఆర్నెట్టా," అంది. "ఫ్యాక్టరీ మూసేసి పదహారేళ్ళయిందే."

"తెలుసు."

"ఎప్పుడూ తెలుసా?"

"ఇప్పుడు తెలుసు వదినా. అప్పుడు తెలిసుంటే..." కార్డెల్ పడుకున్న గది కిటికీ వైపు చూసింది. "కార్డెల్‌కి చెప్పకు. నిన్న రాత్రే అన్నాడు, మేకన్ మాట ఎత్తనని. లియోలా పక్క మంచం ఖాళీ అయిందట. చెప్పకు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా."

వెర్నీస్ టోపీ తీసి చెట్టు కొమ్మకి తగిలించింది. "సరే, కానియ్యి," అంది. "నువ్వు అటు ఊడ్చు. ఇక్కడ నేను కాలితో చెరిపేస్తా. ఇవాళ్టి నుంచి నీ గదిలో నేను పడుకుంటాను. మంచం తలుపుకి అడ్డంగా వేసుకుందాం. ఇద్దరం ముసలాళ్ళం తోడు పడుకున్నామంటే కాదనేదెవరు?"

ఆదివారపు బూట్లతో ఆమె మట్టి చెరుపుతోంది. ఆర్నెట్టా చీపురు విసిరింది. ఇంకో ఎనిమిది అడుగులు మిగిలాయి. ఇంతలో వరండా తలుపు చప్పుడైంది.

కార్డెల్ కాఫీ కప్పుతో వచ్చి, మొదట తల్లిని చూశాడు, తర్వాత మిగిలిన అడుగుల్ని చూశాడు. "వచ్చాడా?" కప్పు మెట్టు మీద పెట్టేశాడు. "వాడొచ్చాడా? ఊడ్చేస్తున్నావేంటమ్మా, ఆగు, ఆగు! తుడిచెయ్యకు! కెజాయా, ఫోను పట్రా, ఫొటో తియ్యాలి!"

ఆ అరుపుకి ఎదురింటి వరండాలో కుర్చీ కదిలింది. హోలిస్ రోడ్డు దాటాడు. తుపాకీ చంకలోనే ఉంది. రెప్పలు ఎర్రగా ఉన్నాయి.

"నేను చూశా. నాలుగూ ఇరవై. సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. గురి పెట్టా కూడా." అతని గొంతులో సిగ్గు. "రోడ్డు మీద పాల బండి అడ్డం వచ్చింది. అది పోయేసరికి లేడు. ఒక్క క్షణం, కార్డెల్, ఒక్క క్షణంలో తప్పిపోయాడు. లేకపోతే ఈ పాటికి నీ వాకిట్లో పడి ఉండేవాడు."

"నన్ను లేపాల్సింది."

"ఇవాళ లేపుతా. నువ్వు ఇంటి వైపు ఉండు, నేను రోడ్డు వైపు. ఈసారి తప్పదు."

"ఉంటా. సెలవు పెట్టేస్తా. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, గడియలు తీసి..." అతను మెట్ల మీంచి తలుపు వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూశాడు. ఏదో పొసగడం లేదు. మాట ఆపాడుగానీ కోపం ఆపలేదు.

వెర్నీస్ ఆర్నెట్టా వైపే చూస్తోంది. నోరు మూసుకో అని కళ్ళతోనే అంటోంది. మంచం తలుపుకి అడ్డం వేసుకుందాం అని అంటోంది. ఆర్నెట్టా తుపాకీ గొట్టం వైపు చూసింది. నూనె పెట్టి తుడిచింది, ఎండకి మెరుస్తోంది. మంచం అడ్డం వేసినా, గడియలు రెండు కాదు పది పెట్టినా, తీసే చేతులు తనవే.

చీపురు గోడకి ఆనించింది. నడిచి వెళ్ళి, మిగిలిన ఎనిమిది అడుగుల్లో మొదటిదాని పక్కన ఆగి, కుడికాలి చెప్పు విప్పింది. పాదం అందులో పెట్టింది. వేళ్ళూ మడమా అన్నీ సరిపోయాయి, వెనక ఈడ్చిన గీతతో సహా.

"తుపాకీ ఇంట్లో పెట్టుకో హోలిస్," అంది. "అక్కడ నిలబడేది నేనే."